తరిమెనకు కలప కరవు

చేతిపనులను ఉద్ధరించాలని మన సభలలో జరిగే ఉపన్యాసాలకు కొదవ లేదు. పనివానికి శిక్షణ కావాలంటాం, పెట్టుబడి కావాలంటాం, సరుకు అమ్ముకోవడానికి బజారు కావాలంటాం. ఇవన్నీ కావలసినవే. అయితే వీటన్నిటికంటె ముందు కావలసినది ముడిసరుకు. నూలు లేని మగ్గం, మట్టి లేని సారె ఎంత నిష్ప్రయోజకమో, కర్ర లేని తరిమెన కూడ అంతే నిష్ప్రయోజకం. ఉప్పల్, నాచారం ప్రాంతాలలో కొయ్యపని చేసుకొని బ్రతుకదలచిన యువకునికి నేడు అడ్డుగా నిలిచినది నైపుణ్యలోపం కాదు, గిరాకీ లోపం అంతకంటె కాదు. సరసమైన ధరకు చిన్న దిమ్మెలు దొరకకపోవడమే అని నా అభిప్రాయం. ఈ లోటును తీర్చగల కలప మన వీధులలోనే ఉన్నదని కూడ నా నమ్మకం.

తరిమెన అన్న మాట నేటి విద్యార్థులకు కొత్తగా తోచవచ్చు. కొయ్యను గిర్రున తిప్పుతూ, ఉలిని ఆనించి, గుండ్రంగా చెక్కే సాధనానికి తెలుగువారు పెట్టుకొన్న పేరది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే ఖరాద్ అంటారు. ఆ పని చేసేవాడు ఖరాదీ. పేర్లు రెండైనా పని ఒకటే. మంచపు కోళ్లు, అప్పడాల కర్ర, చపాతీ పీట, కవ్వం, పిల్లల బొంగరం, ఉలికీ ఆకురాయికీ వేసే పిడులు, మేడమెట్ల పక్క నిలిపే కటకటాల పుల్లలు, జపమాల పూసలు, తస్బీహ్ పూసలు - ఇవన్నీ తరిమెన మీద పుట్టినవే. ఇంతగా మన నిత్యజీవితంలో కలిసిపోయిన పనిని గురించి మనం ఇంత తక్కువగా ఆలోచించడం వింతే.

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో తిరిగే యంత్రాలకు కొదవ లేదు. కాని అవి ఇనుమును తిప్పే యంత్రాలు. ఐ.టి.ఐ.లో టర్నర్ శిక్షణ అంటే లోహపు పనియే. కొయ్యకు అందులో చోటు లేదు. వడ్రంగి శిక్షణ పొందినవాడు తలుపులకు, కిటికీలకు పోతాడు. ఈ రెంటికీ నడుమ పడిపోయిన వృత్తి తరిమెన పని. అయినను ఇనుము తిప్పడం వచ్చిన చేతికి కొయ్య తిప్పడం నేర్పడం కష్టం కాదు. యంత్రం ఉంది, చేయి ఉంది, కొనేవారున్నారు. లేనిదల్లా దిమ్మె.

ఈ కరవు మన ఒక్క ప్రాంతానిదే కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామాన్ని తీసుకొందాం. అక్కడి పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న బొమ్మకే లక్కరంగు ఆనించి, రాపిడి వేడికి ఆ లక్క కరిగి కొయ్యకు అంటుకొనేటట్లు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద అవి ఢిల్లీ వీధులలో ఊరేగాయి. కర్ణాటకలోని చెన్నపట్టణం బొమ్మలకు కూడ మూలం ఆ అంకుడు జాతి చెట్టే. ఇంతటి ప్రఖ్యాతి ఉన్నచోట సైతం పనివానిని వెంటాడే ప్రశ్న ఒకటే: రేపటికి కర్ర ఉందా? మన నిర్మల్ బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు ఆధారమైన పొనికి చెట్టు విషయంలోనూ ఇదే వేదన. గుర్తింపు పత్రం బొమ్మకు గౌరవం తేగలదు. అడవిలో చెట్టును మాత్రం పెంచలేదు. ఏటికొప్పాకకు కనీసం తన చెట్టు ఏదో తెలుసు. నగరపు అంచున పనిచేసే మన యువకునికి అదైనా తెలియదు. టేకు తప్ప కలప లేదనుకొని, ఆ టేకు ధర విని వెనుదిరిగి వస్తాడు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడవలసి ఉంది. కలప అడితీలలో అమ్మకం ఘనపుటడుగుల మీద జరుగుతుంది. ఘనపుటడుగు అంటే 1728 ఘనపుటంగుళాలు. అప్పడాల కర్రకో, పెద్ద పిడికో చాలినంత దిమ్మె 3 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 12 అంగుళాల పొడవు ఉంటే 108 ఘనపుటంగుళాలవుతుంది. అనగా రంపపు పొట్టును లెక్కించకుంటే ఒక్క ఘనపుటడుగులో 16 దిమ్మెలు. ధర ఎంతదైనా దానిని పదహారుతో భాగించి చూస్తే ఒక్కొక్క దిమ్మె ఖరీదు భరించరానిదేమీ కాదు. మరి చిక్కెక్కడ? ఒక్క దిమ్మెను అమ్మేవాడు లేడు. అడితీవాడు దూలం అమ్ముతాడు, పలక అమ్ముతాడు. జానెడు ముక్క కోసం రంపం ఆడించడం అతనికి గిట్టదు. అందుచేత పేద పనివాడు కలప ధరకు కాక, కలప అమ్మే కొలతకు ఓడిపోతున్నాడు. సమస్యను ఇట్లా అర్థం చేసుకొంటే పరిష్కారం కూడ వేరు దారిని కనిపిస్తుంది.

చిన్న ముక్కలు ఎక్కడ పుడుతున్నాయో ముందుగా చూద్దాం. దర్వాజలు చేసే ప్రతి వడ్రంగి దుకాణంలోను చౌకట్టు కోయగా మిగిలిన ముక్కలు ఉంటాయి. అవి తరచు బాగా ఆరిన కలప. పాత ఇండ్లు పడగొట్టేచోట దూలాలు, వాసాలు దొరుకుతాయి. మేకులు వెదకి తీసే ఓపిక ఉంటే అంతకు మించిన ఆరిన కర్ర లేదు. ఇక నాచారం కర్మాగారాలకు యంత్రభాగాలు వచ్చే పెట్టెలు, అడుగు చట్రాలు ఉన్నాయి. విదేశాల నుండి వచ్చే ఈ కొయ్య మీద పురుగు చేరకుండ చేసిన చికిత్సను తెలిపే ముద్ర ఉంటుంది. హెచ్.టి. అన్న అక్షరాలుంటే కర్రను లోపలి వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచినారని అర్థం. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినారని అర్థం. దానిని ముట్టకపోవడమే మేలు, తినే పాత్రలకు మరీ పనికిరాదు. సన్నని పలకలను జిగురుతో అతికించి దిమ్మెగా చేసుకోవచ్చును. ఇవి తెలిసినవానికి సగం కరవు తీరుతుంది.

మిగిలిన సగం తీర్చగలవి మన వీధిచెట్లు. ఏటేటా వేసవి గాలివానలకు నగరంలో చెట్లు కూలుతున్నాయి. రోడ్డు వెడల్పునకు కొన్ని, తీగెలకు అడ్డమని కొన్ని, కట్టడాలకు కొన్ని నేలకూలుతున్నాయి. వాటిలో వేప ఉంది, చింత ఉంది, నేరేడు ఉంది, దిరిసెన ఉంది, మామిడి ఉంది, సుబాబుల్ ఉంది. వీటిలో తరిమెనకు పనికిరాని చెట్టు ఏదీ లేదు. చింత బరువైనది, రోకళ్లకు పేరుపొందినది. నల్లతుమ్మ పనిముట్ల పిడులకు మన పల్లెలు ఎన్నుకొన్న కర్ర. నేరేడు నీటికి ఓర్చుకొంటుంది. దిరిసెన అందమైనదే కాని దాని పొట్టు ముక్కుకు ఘాటు. గుడ్డ కట్టుకొని పని చేయాలి. ఆ మాటకు వస్తే ఏ కొయ్య దుమ్మయినా ఊపిరితిత్తులకు హానియే. గన్నేరు వంటి విషపు చెట్లను మాత్రం వదలివేయవలసి ఉంది.

ఒక మోస్తరు చెట్టు బోదెను ఉదాహరణకు తీసుకొందాం. పొడవు 8 అడుగులు, చుట్టుకొలత 3 అడుగులు. మన అడితీలలో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం చుట్టుకొలతలో నాలుగవ వంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తే నాలుగున్నర ఘనపుటడుగులు తేలుతుంది. అంటే పైన చెప్పిన దిమ్మెలు లెక్కకు 72. మధ్యనున్న మూలగ, పగుళ్లు, రంపపు పొట్టు తీసివేసి సగమే దక్కుతుందనుకొన్నా 36 దిమ్మెలు. పైగా పలకలు కోసేవానికి వంకర బోదె నష్టం. తరిమెన పట్టేవానికి మూలలు విరిగిన దిమ్మె కూడ నష్టం కాదు, ఏలయనగా మూలలను తొలగించడమే అతని మొదటి పని. ఇంతటి కలప తునాతునకలై చెత్త బండి ఎక్కడం చూస్తూ, పక్క వీధిలోనే పనివాడు కర్ర లేక చేతులు ముడుచుకొని కూర్చోవడం ఏ లెక్కకు అందే విషయం?

దీనికి చట్టం అడ్డు చెప్పదా అని కొందరడుగవచ్చు. చట్టం ఉండవలసినదే. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు తరువాత దేశమంతట అడవుల నరికివేత మీద, రంపపు మిల్లుల మీద కట్టుదిట్టాలు పెరిగాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అనుమతి లేక చెట్టు కొట్టరాదంటుంది. వీటిని సడలించమని నేను అడగడం లేదు. కూలిన చెట్టు మాట వేరు. దానిని ఎవరో ఒకరు ఎట్లాగూ కోసి తరలించవలసినదే. వీధిలో పడిన చెట్టు ప్రజల ఆస్తి. దానిని దొంగచాటుగా కోసుకొనే అవసరం పనివానికి కలుగకూడదు. వేలమంటూ వేసినా మొత్తం ఒకే కుప్పగా వేస్తే పాడేది పెద్ద వ్యాపారియే. కనుక నగరపాలక సంస్థ ఉప్పల్, నాచారం ప్రాంతంలో ఒక చిన్న కలప నిలువ ఏర్పాటు చేయాలి. కూలిన చెట్ల బోదెలను అక్కడికి చేర్చి, అనుమతి గల రంపంతో దిమ్మెలుగా కోయించి, కొలతను బట్టి ధర పలకపై రాసి, ఒక్కటి కావలసినవానికి ఒక్కటే అమ్మాలి. వచ్చిన సొమ్ము కొత్త మొక్కలకు పోవాలి.

కూలిన చెట్టుకు ధర కడితే నిలిచిన చెట్టుకు ముప్పు రాదా? ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. లాభం కనబడినచోట చెట్లను కూల్చే నెపాలు పుడతాయి. అందుకే నిలువ లాభం కోసం నడవరాదు. ఏ చెట్టు ఏ వీధిలో, ఏ రోజున, ఏ కారణాన కూలినదో తెలిపే పుస్తకం అక్కడ అందరూ చూడగలిగేటట్లు ఉండాలి. వంట చెరకు ఏరుకొనే పేదల మాటేమిటని మరికొందరడుగుతారు. అదీ న్యాయమైన మాటే. కొమ్మలు, రెమ్మలు పొయ్యికి పోనీయాలి. తరిమెనకు కావలసినది బోదె మాత్రమే. చెరకుగా ఒక పూట మండే బోదె, వస్తువులుగా మారితే ఒక కుటుంబానికి కొన్ని వారాల పని ఇస్తుంది.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగినది కూడ ఉంది. పచ్చికర్రను ఆరబెట్టడం నేర్చుకోవాలి. కర్ర చివరల నుండి తేమ పక్కలకంటె ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్లకు కారణమదే. కోసిన రోజుననే చివరలకు కరిగించిన మైనమో, మిగిలిపోయిన రంగో పూయాలి. మూలగను తీసివేయాలి. ఎండలో కాక నీడలో, గాలి ఆడేటట్లు, నడుమ పుల్లలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఒక ఏడాది అన్నది పాత లెక్క. మన పొడి ఎండలలో కొంత ముందే ఆరవచ్చు. అంత ఆగలేనివారు పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా, 10 అంగుళాల వెడల్పునకు అంగుళం చొప్పున తిప్పి పెట్టి, ఆరిన తరువాత తుదిరూపు ఇవ్వవచ్చు. ఈ పని కళాశాల పెరటిలో ఒక రేకుల పాక కింద జరుగగలదు. వృక్షశాస్త్ర విద్యార్థి చెట్టును గుర్తించవచ్చు; గణితం చదివేవాడు కొలతలు వేయవచ్చు; వాణిజ్య విద్యార్థి పద్దు రాయవచ్చు; తెలుగు, ఉర్దూ చదివేవారు పనివారి నోట ఉన్న పారిభాషిక పదాలను అవి మాసిపోకముందే సేకరించవచ్చు. ఇంతకంటె మంచి పాఠ్యప్రణాళిక ఏముంటుంది?

మిత్రులారా, మనలో చాలమంది తండ్రులు, తాతలు చేతిపనితోనే మనలను ఈ తరగతి గదుల దాక తెచ్చినారు. పట్టా చేతికి వచ్చిన తరువాత ఆ పనిని చిన్నచూపు చూడడం విద్య అనిపించుకోదు. ఉద్యోగం కోసం ఎదురుచూచే రెండు మూడేండ్లలో ఒక యువకుడు తన ఇంటి వసారాలో చిన్న తరిమెన పెట్టుకొని నాలుగు రూపాయలు సంపాదించగలిగితే అది కుటుంబానికి గౌరవమే. ఆ అవకాశం నేడు ఒక జానెడు దిమ్మె దగ్గర ఆగిపోయింది. ఈ వేసవి గాలికి మన వీధిలో చెట్టు కూలినపుడు బండి రాకముందే దాని బోదె పొడవు, చుట్టుకొలత రాసి ఉంచండి. అట్లా ఒక ఏడాది పాటు రాసిన పట్టికను నగరపాలక సంస్థ అధికారుల ముందు పెడదాం. అప్పుడు మన కోరిక వట్టి ఉపన్యాసం కాక, కొలతతో కూడిన విన్నపం అవుతుంది.