బాగున్నదన్న మాట చాలునా?



ఈ నెల మీతో నొక తప్పును గూర్చి ముచ్చటింప దలచితిని. ఆ తప్పు నాదే. ఎలమంచిలిలో మా పొరుగింటి యమ్మాయి బొమ్మలు వ్రాయుటలో మంచి నేర్పరి. ఆమె తల్లియు, మఱి తొమ్మండుగురు స్త్రీలును పొదుపు సంఘముగా నేర్పడి, బెల్లపుపొడిని అరకిలో అట్టపెట్టెలలో నింపి విక్రయింప సంకల్పించిరి. బెల్లమునకు పేరుగన్న అనకాపల్లి మాకు చేరువనే యున్నది గదా! పెట్టెపై నంటించు లేబులును ఆ యమ్మాయియే కంప్యూటరుపై కూర్చి, ముద్రణకు బంపుటకు ముందు నా కడకు దెచ్చినది.

లేబులు నడుమ నొక లక్కబొమ్మ నిలిచియున్నది. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి చేయు బొమ్మలను మీ రెఱుగుదురు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. మా ప్రాంతపు గౌరవమును జాటవలెనని ఆ పిల్ల దానిని వ్రాసినది. బొమ్మ కన్నులు, కొప్పు, చీరె యంచు సజీవములుగా నుండెను. క్రింద సన్నని వంకర యక్షరములతో, ముదురాకుపచ్చపై ఎఱ్ఱని రంగున, “బెల్లపుపొడి” యని యుండెను.

“పిన్నిగారూ, ఎట్లున్నది?” అని యడిగినది.

“చాల బాగున్నదమ్మా!” అంటిని. అంతకుమించి నే నొక్క మాటయు ననలేదు.

వేయి లేబుళ్లు ముద్రించిరి. సంతలో పెట్టెలు పేర్చిన నాడు ఒక వృద్ధురా లొకదానిని చేత బట్టి, “ఈ బొమ్మ ఖరీదెంత, తల్లీ?” అని యడిగెను. బొమ్మ కాదు, బెల్లపుపొడి యని చెప్పగా, “మఱి పెట్టెమీద బొమ్మ యున్నదేమి?” అనుచు దానిని క్రింద బెట్టి వెడలిపోయెను. ఆమె తరువాత నింకను కొంద ఱట్లే యడిగిరి. సాయంకాలమునకు పెట్టెలు చాలవఱకు మిగిలిపోయెను. అది సంఘమువారు అప్పు దెచ్చి పెట్టిన సొమ్ము. ఆ రాత్రి అమ్మాయి కన్నీరు దుడుచుకొనుచు, “పిన్నిగారూ, మీరు చూచిననాడే చెప్పియుండరాదా?” అన్నది. ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను.

పిల్ల మనసు నొచ్చునని మనము బాగున్నదందుము. లేదా “నాకు ఆకుపచ్చ పడదు” అని మన యిష్టమును చెప్పుదుము. మొదటిది దాక్షిణ్యము, రెండవది అభిరుచి. రెంటిలో నేదియు విమర్శ కాదు. వానిని విన్న పిల్ల తాను మార్పవలసిన దేమో తెలిసికొనజాలదు.

విమర్శ మనకు క్రొత్త విద్యయా? కాదు. కోడలు పెట్టిన పులుసును రుచి చూచి మనము బాగులేదని యూరకుందుమా? “చింతపండు ఎక్కువైనది, ఉప్పు ఒక రవ్వ తగ్గినది, పోపు మాడినది” అని చెప్పుదుము. వండినయామె వెంటనే దానిని సవరించుకొనును. నాలుకకున్న యీ శిక్షణను కంటికి గూడ గఱపవలెను. అంతియే.

పులుసును విస్తరిలోని యన్నమునకు తగునా యని చూచినట్లే, చిత్రరచనను దాని ప్రయోజనమునకు తగునా యని చూడవలెను. మా యూరి రైలుస్టేషనులోని పేరుపలకను జ్ఞప్తికి దెచ్చికొనుడు. పసుపుపచ్చని పలకపై నల్లని పెద్ద యక్షరములతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషలలో ఊరిపేరుండును. అందు లతలు లేవు, బొమ్మలు లేవు. దానిని జూచి యెవ్వరును ఆహా యనరు. కాని కదలుచున్న బండిలోనుండి కిటికీ ప్రక్కన గూర్చున్న యామె దానిని రెండు నిమేషములలో చదివి, సామాను సర్దుకొనును. ఆ పలక చేయవలసిన పని యదియే.

పత్రిక ముఖచిత్రము పని వేఱు. శ్రీకాకుళమున జన్మించి, మాకు సమీపముననే కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామ, యువ పత్రికలకు వ్రాసిన ముఖచిత్రములను ఒడిలో బెట్టుకొని ఎంతసేపైనను చూడవచ్చును. స్టేషనుపలకకు ఆ సొగసు తగిలించినను, ముఖచిత్రమునకు పలకయొక్క మొండితనము తగిలించినను రెండును చెడును. కావున మీ మొదటి ప్రశ్న “బాగున్నదా?” యని గాక, “ఇది యెవరికి? ఎక్కడ చూతురు? ఎంత దూరమునుండి? ఎంతసేపు?” అని యుండవలెను. నేను ఈ ప్రశ్న వేసియుండినచో, సంతలో నిలువుకాళ్లపై చూచు పెద్దవారికని ఆ పిల్లయే చెప్పియుండును. తప్పు గూడ ఆమెకే తోచియుండును.

తరువాత చూచు పద్ధతి. లేబులును పెట్టెకు జుట్టి, పది యడుగుల దూరమున నుంచి, ఒక్క క్షణము చూచి కన్నులు మూసికొనుడు. మొదట కంటబడిన దేది? పిమ్మట నేది? ఆ వరుసను ఉన్నదున్నట్లు చెప్పుడు. మా లేబులులో మొదట బొమ్మ, రెండవది బొమ్మ చీరె. సరకు పేరు కంటబడనే లేదు. బొమ్మ యెంత చక్కనైనదో యంత ద్రోహము చేసినది!

అక్షరములను చూచునపుడు మన లిపి స్వభావమును మఱువరాదు. తెలుగున గుళ్లు పైకి లేచును, వత్తులు క్రిందికి దిగును. ఇంగ్లీషు పంక్తులకు జాలిన యెడము మనకు జాలదు. పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిదీర్ఘమును ఢీకొనును. అక్షరములు మఱీ చిన్నవైనచో ‘ధ’యు ‘థ’యు ఒక్కటే యగును. రంగులను పరీక్షించుటకు సెల్‌ఫోనులో లేబులును నలుపు తెలుపు ఛాయాచిత్రముగా మార్చి చూడుడు. ఎఱుపు, ముదురాకుపచ్చ రెండును ఒకే బూడిదరంగుగా మాఱినచో, చూపు మందగించినవారికి ఆ పేరు లేనట్లే.

ఆహారపదార్థమైనచో చట్టము కోరు సంగతులును గలవు. వస్తువు పేరు, అందు గలిపిన పదార్థములు, నికర తూకము, గరిష్ఠ ధర, తేదీలు, చిరునామా, ఆహారభద్రతాశాఖవారి 14 అంకెల సంఖ్య, శాకాహారమునకు చతురస్రములోని ఆకుపచ్చ చుక్క, ఇవి కనబడవలెను. చిరునామాలో ఊరిపేరు మాత్రమే చాలదు. పశ్చిమగోదావరి జిల్లాలోను యలమంచిలి యున్నది. మాది 2022లో నేర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది.

ఇక చెప్పు పద్ధతి. చిత్తుప్రతి దశలోనే, నలుగురి యెదుట గాక ఏకాంతమున చెప్పుడు. నిలుపవలసినదానిని ముందు చెప్పుడు. అదియు కారణముతో చెప్పుడు. “బొమ్మ గీత చక్కగా నున్నది, మన యూరు జ్ఞప్తికి వచ్చుచున్నది” అన్నచో ఆమె దానిని తొలగింపక తగ్గించుకొనును. పిమ్మట పెద్ద లోపము లొకటి రెండు మాత్రమే చెప్పుడు. ఇరువది చెప్పినచో ఏది ముఖ్యమో తెలియదు. “పేరు నాకు కనబడలేదు” అని లోపమును చెప్పుడు. “ఇచ్చట నీలము వేయుము” అని కలమును లాగికొనకుడు. ఉపాయ మామెది. చూపించినవారును తమ పనిని సమర్థించుకొనక, “మీ రేమి చదివితిరి?” అని యడిగి యూరక వినవలెను.

మిగిలిన లేబుళ్లను ప్రక్కన బెట్టి, అమ్మాయి రెండవది కూర్చినది. ఈ మాఱు చూచుటకు నేనొక్కతెనే గాక, కళ్లజోడు లేకుండ మా యత్తగారు గూడ కూర్చుండిరి. లేత పసుపుపై ముదురు గోధుమవన్నె పెద్ద యక్షరములు, ప్రక్కన బెల్లపు దిమ్మ, మూలను చిన్న లక్కబొమ్మ. “బెల్లపుపొడి” అని అత్తగారు వెంటనే చదివిరి. తేదీ మాత్రము చదువలేకపోయిరి. అమ్మాయి చిన్నబుచ్చుకొనలేదు, నవ్వి, తేదీని పెద్దది చేసి మరల చూపినది. పెట్టెలు మెల్లమెల్లగా నమ్ముడగుచున్నవి. మొదటి నష్ట మింకను పూడలేదు.

సోదరీమణులారా, ఈ నెల మీ యింటికి పెండ్లిశుభలేఖ యేదైన వచ్చినపుడు దానిని పెద్దలచేతి కిచ్చి, ముహూర్తము, స్థలము ఎంతసేపటికి దొరకినవో గమనింపుడు. ఎవరి పిల్లయైన తన చిత్తుప్రతిని మీకు చూపినపుడు, బాగున్నదనుటకు ముందు ఇది యెవరి కొఱకమ్మా యని యడుగుడు.