వుజూ నీళ్ళు, వాకిట్లో పుదీనా

దుబారా అనగానే మనకు ముందుగా డబ్బే గుర్తుకొస్తుంది. కాని ఇస్లామీ పరిభాషలో 'ఇస్రాఫ్' అనే మాటకు అంతకంటే విశాలమైన అర్థం ఉంది. తినడాన్నీ త్రాగడాన్నీ అనుమతిస్తూనే హద్దు మీరడాన్ని దివ్య ఖుర్ఆన్ 'ఆరాఫ్' సూరాలో వారించింది. ఆ హద్దు నీటికీ వర్తిస్తుంది. ఆరాధన కోసం వాడే నీటికైతే మరింతగా వర్తిస్తుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక 'ముద్ద్' నీటితో వుజూ చేసేవారనీ, ఒక 'సా' మొదలు ఐదు ముద్ద్‌ల నీటితో గుస్ల్ ముగించేవారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ద్ పరిమాణం గురించి ఫుఖహాల మధ్య భేదం ఉంది. ముప్పావు లీటరు అన్నవారున్నారు, లీటరు దాకా లెక్కకట్టినవారున్నారు. ఎవరి లెక్క తీసుకున్నా ఒక బద్నాడు నీళ్ళే. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృధా చేయరాదని హజ్రత్ సఅద్ (రజి)కు ఆయన హితవు పలికినట్లు ఇబ్నె మాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని సనద్‌పై ముహద్దిసులు చర్చించారు గాని, భావాన్ని కాదన్నవారు లేరు.

మరి మన మస్జిదులలో ఏం జరుగుతోంది? హైటెక్ సిటీ పరిసరాలలో జుమా రోజున చూడండి. మెడలో ఆఫీసు కార్డుతో యువకులు పరుగున వస్తారు. కుళాయి త్రిప్పుతారు, తర్వాత చొక్కా చేతులు మడుస్తారు, సాక్సులు విప్పుతారు, ప్రక్కవారికి సలాం చెబుతారు. అంతసేపూ నీళ్ళు పోతూనే ఉంటాయి. ఒక్కొక్కరికి ఐదు లీటర్లే అనుకుందాం. ఐదువందల మంది వస్తే 2,500 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరులో సగం ఒక్క నమాజుకే ఖర్చు. ఒకటిన్నర లీటరుతో సరిపెట్టుకుంటే 750 లీటర్లు చాలు. 'దుర్రె ముఖ్తార్' వంటి హనఫీ గ్రంథాలు ఈ విషయంలో ఒక సూక్ష్మమైన తేడా చూపాయి. సొంత నీటిని వుజూలో దుబారా చేయడం మక్రూహ్ అన్నారు. వక్ఫ్ నీటిని దుబారా చేయడం హరామ్ అన్నారు. మస్జిదు నీరు ఎవరి సొంతమూ కాదు కదా!

ఈ ప్రాంతపు నేల సంగతి కూడా తెలుసుకోవాలి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంతా నల్లరాతి నేల. రాతిపై ఉండే మెత్తని పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ నిలిచేదే భూగర్భజలం. కుతుబ్‌షాహీల కాలంలో దుర్గం చెరువు నీరు గోల్కొండ కోటకు వెళ్ళేది. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఆ చెరువు చుట్టూ బండలు పగిలాయి, భవనాలు లేచాయి, వాన నీరు ఇంకే మట్టి సిమెంటు క్రిందికి పోయింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వాన నీటిని ఇంకించే కట్టడాల గురించి చెప్పింది. ఎన్ని ఇళ్ళలో గుంట త్రవ్వారో, ఎన్ని ఇళ్ళలో కాగితంపైనే త్రవ్వారో ఇంటివారికే తెలియాలి. 2024 వేసవిలో ఇక్కడి కాలనీలు ట్యాంకర్ల కోసం పడిన పాట్లు అందరూ చూసినవే. డబ్బున్నవారు ట్యాంకరు తెప్పించుకున్నారు. ప్రక్క బస్తీలో బోరు ఎండితే బిందె పట్టుకుని నిలబడింది ఎవరు? వారి ఇళ్ళలో పనిచేసే తల్లులూ, వారి వాచ్‌మన్ల కుటుంబాలే. నీటిలో ప్రజలందరికీ భాగం ఉందన్న ప్రవక్త (స) ప్రవచనాన్ని మనం పుస్తకాలలోనే వదిలేశాం.

వుజూ చేసిన నీరు మళ్ళీ వుజూకు పనికిరాదు. అయితే అది మలినం కాదు. హనఫీ ఫిఖ్హ్‌లో దాన్ని 'మాయె ముస్తఅమల్' అంటారు. అది తాహిర్, కాని ముతహ్హిర్ కాదు. అంటే తాను శుద్ధమే గాని మరొకరికి తహారత్ ఇవ్వలేదు. మొక్కకు తహారత్ అక్కర లేదు, తడి కావాలి. అందుచేత ఆ నీటిని మురుగు కాలువలో కలపడం కంటే చెట్ల పాదులకు మళ్ళించడమే మేలు. మస్జిదు కమిటీలకు ఇది పెద్ద ఖర్చు కాదు. వుజూ కాలువకు వేరే గొట్టం వేసి ప్రక్కనున్న వేప పాదుకో, ఇంకుడు గుంటకో కలిపితే చాలు. సబ్బుతో చేతులు కడిగే చోటు మాత్రం వేరుగా ఉంచాలి. ఆ నీటిని తొట్టెలో రోజుల తరబడి నిల్వచేస్తే దోమలు చేరతాయి. ఏ రోజుదారోజే పారబోయాలి.

ఇంట్లోనైతే ఇది మరీ సులువు. ఒక చిన్న టబ్బులో కూర్చుని వుజూ చేసుకుంటే ఐదు పూటల నీళ్ళు బాల్కనీ కుండీలకు చాలి, ఇంకా మిగులుతాయి. బియ్యం కడిగిన నీళ్ళూ అక్కడికే. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తిన్నదంతా అతని ఖాతాలో సదఖాగా చేరుతుందని హదీసు. పదో అంతస్తులో పెంచిన మిరప మొక్కను పిచ్చుక కొరికినా విసుక్కోనక్కరలేదన్నమాట.

మన నానీ, దాదీలకు ఇవేవీ కొత్తవి కావు. పాత చీర గుద్డీ అయ్యేది, మిగిలిన రొట్టె తెల్లవారి నాస్తా అయ్యేది, చింత చిగురు కోసి గోష్త్‌లో వేస్తే ఆ పూట పండుగే. దాన్ని వారు పొదుపు అని కూడా అనుకోలేదు. ఖుర్ఆన్ 'ఫుర్ఖాన్' సూరాలో చెప్పిన దాసుల గుణమూ ఇదే: దుబారా లేదు, పిసినారితనమూ లేదు. ఈనాడు వలీమాలో పదిహేను రకాలు వడ్డించి సగం చెత్తకుప్పకు పంపేవారు, రెండు గుక్కలు త్రాగి వదిలేసిన ప్లాస్టిక్ సీసాలను ఒక్కసారి లెక్కపెట్టించాలి. ఇంట్లో ఆడవారు పది రూపాయల కొత్తిమీర ఎండబెట్టారని కోప్పడే మగవారే ఆ వలీమాకు ఆర్డరు ఇచ్చి వస్తారు!

పుదీనాతో మొదలుపెట్టడం తేలిక. బజారు నుండి తెచ్చిన కట్టలో ఆకులు దూసుకున్నాక, కాస్త ముదురు కాడలు నాలుగు ఏరి నీళ్ళ గ్లాసులో ఉంచండి. కొద్ది రోజులలో వేళ్ళు వస్తాయి. అడుగున రంధ్రం చేసిన పాత నూనె డబ్బాలో నాటండి. ఎండ తక్కువగా ఉండే బాల్కనీలోనూ పుదీనా బ్రతుకుతుంది. కరివేపాకుకు మాత్రం ఎండ తగలాలి. ఉల్లి పొట్టు, పండ్ల తొక్కలు మట్టితో కలిపి మూత పెట్టిన కుండలో కుళ్ళబెడితే రెండు మూడు నెలలకు ఎరువు తయారవుతుంది. రమజాన్‌లో ఇఫ్తార్ పండ్ల తొక్కలతోనే కుండ నిండిపోతుంది.