పెరుగన్నానికి ప్రవేశం లేదు

కోడిపందెం దగ్గర మొదలైన పేచీ కారెంపూడి రణరంగం దాకా పోయిన సీమ మాది. అటువంటి పల్నాట పుట్టినవాడు గిన్నెడు పెరుగన్నం కోసం ఒక వ్యాసం రాస్తే అతి అంటారా? అనండి. మా ఇంట్లో ఇప్పటికే అన్నారు. "పోనిద్దురూ, డబ్బాడు అన్నానికి ఇంత రాద్ధాంతమా!" అని సాక్షాత్తూ ఆ అన్నం కలిపిన మా ఆవిడే అంది. అయినా సరే, నేను పోనివ్వదలచుకోలేదు.

జరిగింది చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

మొన్న వేసవి సెలవులకు మా అబ్బాయి, కోడలు, పిల్లలు నరసరావుపేట వచ్చారు. పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఈసారి పిల్లల్ని వినోదాల పార్కుకు తీసుకుపోవాలనీ, మేమిద్దరం కూడా రావలసిందేననీ అబ్బాయి పట్టుబట్టాడు. ఆ పార్కు పేరు మీకెందుకు, నాకెందుకు? ఈ జబ్బు ఒక్క చోటుది కాదు. పొద్దున్నే లోపలికి పోయి, డబ్బిచ్చి తలకిందులుగా వేలాడి, కేకలు పెట్టి, నీళ్ళలో జారిపడి, సాయంత్రానికి "అబ్బ, ఎంత బాగుందో!" అనుకుంటూ కాళ్ళీడ్చుకుని బయటికి వచ్చే చోటన్నమాట.

ప్రయాణానికి వారం ముందే మా కోడలు ఫోనులో ఒక పట్టిక తయారుచేసింది. ఆటల పట్టిక కాదు, తిండి పట్టిక. తొమ్మిదింటికి దారిలో టిఫిను. ఒంటిగంటా పావుకి పార్కులో బఫే. అది టిక్కెట్టుతో కలిపి కొంటే కాస్త చవకట. నాలుగున్నరకి ఐస్‌క్రీము. రాత్రి ఎనిమిదింటికి పేరుమోసిన హోటల్లో బిర్యానీ. దానికి ముందుగానే బల్ల కూడా రిజర్వు చేయించింది. మా పెళ్ళి భోజనాలకు కూడా ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు జరగలేదు. ఆ పట్టికలో అన్నీ ఉన్నాయి. లేనిదల్లా పిల్లల ఆకలి ఒక్కటే. అదేమో గడియారం చూసి రాదాయె!

ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. అందుకే ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున లేచింది. అన్నం మెత్తగా వండి, చల్లార్చి, పాలు ఎక్కువగా పోసి, చెంచాడు పెరుగుతో తోడేసి, ఉప్పు తగుమాత్రం కలిపింది. ఇలా కలిపితే ప్రయాణంలోనే తోడుకుని, మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. ఈ విద్య ఏ హోటలు వంటవాడూ నేర్పడు. నాలుగేళ్ళ పిల్ల మారాం చేసినప్పుడు నేర్చుకోవలసిందే.

గేటు దగ్గర మా సంచీ విప్పారు. డబ్బా బయటపడింది. "బయటి తినుబండారాలు లోపలికి అనుమతించం" అన్నాడు కాపలా అబ్బాయి.

"ఇది తినుబండారం కాదు బాబూ, పసిపిల్ల అన్నం" అంది మా ఆవిడ.

పాలసీసా తాగే పిల్లలకైతే ఫరవాలేదట. నాలుగేళ్ళ పిల్ల పెద్దమనుషుల లెక్కలోకి వస్తుందట! పోనీ కారులో పెట్టి వద్దామంటే కారు ఎక్కడో మైలు దూరాన ఉంది. వెనకాల వరసలో జనం విసుక్కుంటున్నారు. ఆ కుర్రాడు గొంతు తగ్గించి, "ఏం చెయ్యను పెద్దమ్మా, వదిలితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. వాడి మీద నాకేమీ కోపం లేదు. వాడికీ ఇంటి దగ్గర ఇలాంటి పెద్దమ్మ ఉండే ఉంటుంది.

పక్కనే ఒక డ్రమ్ము ఉంది. అప్పటికే అందులో చపాతీలూ, అరటిపళ్ళూ, ఎవరిదో పులిహోరా కనబడుతున్నాయి. వాడు చెయ్యి చాపితే మా ఆవిడ డబ్బా ఇవ్వలేదు. "నా చేత్తో కలిపాను, నా చేత్తోనే పారేస్తాను" అని మూత తీసి వంచేసింది. ఖాళీ డబ్బా సంచీలో పెట్టుకుంది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

పదకొండుంబావుకి చిన్నది "ఆకలి నాయనమ్మా" అంది. బఫే తలుపులు తెరిచేది పన్నెండున్నరకి. తెరిచాక మా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. లోపల అన్నీ ఎర్రగానే ఉన్నాయి. పన్నీరు ఎర్రన, నూడుల్సు ఎర్రన, ఫ్రైడ్ రైసు ఎర్రన. మిరపకాయకు పేరుపడ్డ జిల్లావాళ్ళం మేమే నీళ్ళు తాగాం, పసిపిల్ల సంగతి చెప్పాలా? చివరికి పక్క దుకాణంలో పెరుగన్నం దొరికింది. కప్పు 160 రూపాయలు. ఫ్రిజ్జులోంచి తీసిన చల్లటి ముద్ద, మధ్యలో పచ్చిమిర్చి ముక్కలు. మొదటి ముద్దలోనే ముక్క పంటికింద పడింది. ఇక చూస్కోండి! పిల్ల ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయింది. వారం రోజులుగా కలవరించిన బొమ్మరైలు మా ముందునుంచే రెండుసార్లు పోయింది. ఎక్కలేదు. పెద్దాడు మాత్రం నూడుల్సు దిట్టంగా తిని, ఆ వెంటనే గిరగిర తిరిగే చట్రం ఎక్కి, దిగగానే అంతా కక్కుకున్నాడు. ఇదీ మా విహారయాత్ర.

ఇక్కడ పార్కువారి తరఫున వాదించేవాళ్ళు లేకపోలేదు. మా అబ్బాయే మొదటి వకీలు. "శుభ్రత ఉండాలి కదా నాన్నా! ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకుంటే ఎంగిలాకులు, చీమలు, ఈగలు. కొందరు సీసాలు కూడా తెస్తారు. పైగా వాళ్ళు వ్యాపారం చేస్తున్నారు, సత్రం నడపటం లేదు" అన్నాడు.

ఒప్పుకుంటాను. సారా సీసా ఆపండి, గాజు సీసా ఆపండి, స్టవ్వు తెచ్చేవాణ్ణి బయటే కూచోబెట్టండి. పారేసినవాడికి జరిమానా వెయ్యండి. అంతేగాని, ఎంగిలాకు పారేసే పెద్దవాడి తప్పుకు అన్నం కావాలనే పిల్ల నోరు కట్టెయ్యడం ఏం న్యాయం? శుభ్రతే ముఖ్యమైతే, గేటు దగ్గర డ్రమ్ములో అంత అన్నం కుళ్ళబెట్టడం ఏ శుభ్రత కిందకి వస్తుంది? వ్యాపారమంటారా, టిక్కెట్టు డబ్బు ముందే ఇచ్చాం. అది ఆటలకు. మా ఆకలి కూడా వాళ్ళకే అమ్ముకున్నామని ఎక్కడా సంతకం పెట్టలేదు.

కోర్టుల మాట కూడా చెబుతాను. సినిమా హాళ్ళు బయటి తిండిని ఆపవచ్చునని 2023 జనవరిలో సుప్రీంకోర్టే అన్నది. జిలేబీ తిన్న చేతులు కుర్చీకి తుడిస్తే శుభ్రం చేయించేదెవరని న్యాయమూర్తులు అడిగారు. సబబైన ప్రశ్నే. అయితే అదే సందర్భంలో, తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలనీ, పసిబిడ్డతో వచ్చే తల్లిదండ్రులు బిడ్డకు తగుమాత్రం తిండి తెచ్చుకోవచ్చుననీ కూడా అన్నారు. మూడు గంటల సినిమాకే పసిపిల్ల ఆకలి గుర్తుకొచ్చినప్పుడు, ఎర్రటి ఎండలో పొద్దస్తమానం తిరిగే పార్కులో గుర్తుకు రావద్దా? ఆ మాట సినిమా హాళ్ళ గురించి అన్నది, పార్కులకు వర్తించదని లా పాయింటు తీస్తారేమో. పాయింటు వేరు కావచ్చు. పిల్ల కడుపు వేరు కాదు.

వ్యాపారం మునిగిపోతుందంటారా? ఈ పార్కులన్నిటికీ తాతగారు డిస్నీ. అమెరికాలో ఫ్లారిడాలోని వాళ్ళ పార్కుకు తమ తిండి తాము తెచ్చుకోవచ్చు; వేడిచెయ్యనక్కరలేనిదై ఉండాలి, గాజు సీసాలు కూడదు, అంతే. షాంఘైలో 2016లో తెరిచిన డిస్నీ పార్కు మాత్రం వద్దంది. అక్కడ న్యాయశాస్త్రం చదివే ఒక విద్యార్థి 2019లో దావా వేస్తే, ఎన్ని లక్షలకో అనుకునేరు, 46 యువాన్ల చిరుతిళ్ళ కోసం! అదే సంవత్సరం సెప్టెంబరులో అంత పెద్ద సంస్థా దిగివచ్చి, 50 యువాన్లు ఇచ్చి రాజీపడింది. సొంత తిండి తెచ్చుకోనిస్తామని నిబంధన సడలించింది. ఆ పార్కు మునిగిపోలేదు. ఆ విద్యార్థిని కూడా ఎవరో ఒకరు "ఇంత రాద్ధాంతమా" అనే ఉంటారు.

1955 అనగానే నాకు రెండు సంగతులు గుర్తొస్తాయి. ఆ జూలైలో కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండ్ తెరిచారు. ఆ డిసెంబరులో మా మాచర్ల దాపున నాగార్జునసాగర్‌కు నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలాక, మా నాన్న మమ్మల్ని బస్సెక్కించి సాగరూ, ఎత్తిపోతలా చూపించాడు. నాలుగు గిన్నెల క్యారియరు మా అమ్మ ఒళ్ళో ఉంది. ఆకలైనచోట చెట్టుకింద దుప్పటి పరిచి తిన్నాం. మా మూట తనిఖీ చేసిన కాపలాదార్లు కోతులు మాత్రమే. అవి కూడా అరటిపళ్ళు తీసుకుని అన్నం వదిలేశాయి.

ఆ రోజులు మళ్ళీ రావాలని నేను అనడం లేదు. మా కోడలు ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికిందే నాలుగు రోజులు. తెల్లారగట్ల లేచి క్యారియరు సర్దమనే హక్కు నాకు లేదు. ఆ మాటకొస్తే నేనూ ఏనాడూ సర్దినవాణ్ణి కాను. హోటల్లో తినడం తప్పు కాదు. పిల్లలతో హోటలు తిండి తినాలనుకున్నప్పుడు పట్టికను పిల్లల కడుపునుంచి మొదలుపెట్టకపోవడం మన తప్పు. అందుకని దెబ్బతిన్నవాడిగా నాలుగు మాటలు చెబుతాను. టిక్కెట్టు కొనేముందే ఫోను చేసి పిల్లల అన్నం లోపలికి రానిస్తారా, బయటికి పోయి మళ్ళీ రావచ్చా అని అడగండి. రద్దీ ఒంటిగంటకైతే మీరు తలుపు తెరిచేసరికే వెళ్ళండి. పిల్లలకు కారం లేనిది ఏముందో కనుక్కున్న తరువాతే బఫేకి డబ్బు కట్టండి. తిరిగే ఆటలన్నీ తినకముందు, కూచుని చూసేవన్నీ తిన్న తరువాత. రాత్రి ఎనిమిదింటి బిర్యానీ మాట మరిచిపోండి. ఆ వేళకు ఏ పసిపిల్లా మెలకువగా ఉండదు.

పార్కులవారిని అడిగేవి మూడే. అయిదేళ్ళలోపు పిల్లల అన్నానికి అడ్డు చెప్పకండి. గేటు బయట నీడ, నీళ్ళు, నాలుగు బల్లలు వెయ్యండి. తెచ్చుకున్నవాళ్ళు తినేసి లోపలికి వస్తారు. పదకొండింటికల్లా ఇడ్లీ, పప్పన్నం, కారం లేని పెరుగన్నం సిద్ధంగా ఉంచండి. మీ లాభమేమీ కరిగిపోదు. కడుపు నిండిన పిల్ల ఇంకో నాలుగు ఆటలు ఆడుతుంది. మీ బొమ్మరైలు కూడా ఎక్కుతుంది.

ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. పేరుమోసిన హోటలు దాకా పోకుండానే చిన్నది లేచి ఏడుపు లంకించుకుంది. రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఒక చిన్న భోజన హోటలు కనబడితే ఆపాం. ఇంకా వంట కాలేదన్నాడు యజమాని. పిల్లను చూసి లోపలికి పోయి, వాళ్ళకోసం ఉంచుకున్న అన్నం కాబోలు, ఒక గిన్నెలో తెచ్చాడు. వెనకాలే ఆయన భార్య పాలూ పెరుగూ తెచ్చింది. మా ఆవిడ చేత్తో మెదిపి పెట్టింది. పిల్ల గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం" అంది. మేమందరం కూడా అక్కడే వంటయ్యేదాకా కూచుని తిన్నాం. మా కోడలు తనంతట తనే బిర్యానీ బల్ల రద్దు చేసింది. బిల్లులో ఆ గిన్నె అన్నం లేదు. అడిగితే, "పసిపిల్ల తిన్నదానికి లెక్కేమిటండీ" అన్నాడాయన.

దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట మా మాచర్లలో బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. అంత పెద్ద పని చెయ్యమని నేను ఎవర్నీ అడగటం లేదు. చాప వెయ్యకపోయినా ఫరవాలేదు. పిల్ల చేతిలో గిన్నె లాక్కోకండి, చాలు.

ఈ వ్యాసం చదివి వినిపిస్తే మా ఆవిడ అంతా విని, "బాగానే ఉంది గాని, ఆ డబ్బా స్టీలుదని రాయలేదేం? ప్లాస్టిక్ అనుకుంటారు" అంది. రాశాను. స్టీలు డబ్బానే. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.