విదేశ వ్యాపార మండలము – రైతుల ఓటు



విదేశములకు సరకు పంపుటకై సుంకము లేకుండ కర్మాగారములు నడపు మండలములను జనులు 'సెజ్' అందురు. మన దేశమున మొదటిది 1965లో కాండ్లా రేవున వెలసినది. 2005 నాటి చట్టము వచ్చిన పిమ్మట ఇవి పెక్కయ్యెను. ఆ చట్టము ననుసరించి కంచెలోపలి నేల సుంకము విషయమున దేశమునకు వెలుపలిదిగా నెంచబడును. పలుచోట్ల ఆ నేల రైతు చేతినుండి పోయినదే. కాకినాడ యొద్ద రైతులు ఏండ్ల తరబడి పోరాడిరి. అచట ముందుగా ఓటు పెట్టినవారు లేరు.

ఓటు పెట్టినచోటును గలదు. మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లా పేణ్ తాలూకాలో హేతవణే జలాశయపు ఆయకట్టులోని 22 గ్రామములను ఒక పెద్ద సెజ్ కొఱకు కోరిరి. ప్రభుత్వము 2008 సెప్టెంబరు 21న భూమి నిచ్చెదరా, లేదా యని రైతులను వ్రాతమూలముగా నడిగెను. అత్యధికులు ఇయ్యమనిరి. ఆ తీర్పునకు ప్రభుత్వము కట్టుబడవలెనను చట్టమేదియు లేకుండెను. అయినను ఆ భూసేకరణ తరువాత సాగలేదు. మన కె.సి. కాలువ క్రింద మడి దున్నువారికి ఆ 22 గ్రామముల మనసు వేఱుగ చెప్పనక్కఱలేదు.

2013 నాటి భూసేకరణ చట్టము ప్రయివేటు కంపెనీకై భూమి తీసికొనుటకు నూటికి 80 కుటుంబముల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. మంచిదే. కాని సమ్మతి పత్రము ఇంటింటికి తిరిగి, అధికారి యెదుట, అప్పులవాని యెదుట వ్రాయించుకొనునది. ఓటు చీటీ మఱుగున వేయునది. ఈ రెంటికి నెంతో భేదమున్నది. కౌలుదారునికి, కూలివానికి పట్టా లేదు గనుక వారి మాట తేలికగా మఱుగునపడును. వారికిని ఓటుండవలెనని నా అభిప్రాయము.

నేను పరిశ్రమలకు విరోధిని గాను. కడప యొద్ద కొప్పర్తి పారిశ్రామిక వాడకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము అనుమతించినది. అది సెజ్ కాదు, మన పిల్లలకు పని దొరకిన సంతోషమే. అయితే క్రొత్త విత్తనము చూపునపుడు ప్రక్కన పాత విత్తనపు మడి యొకటి వేయక నేనేనాడును రైతును నమ్ముమనలేదు. ఎగుమతి విషయమునను అటువంటి ప్రక్కమడి మనకు దగ్గఱనే యున్నది: 2020 జనవరిలో తాడిపత్రినుండి శీతల పెట్టెలలో అరటి గెలలు రైలెక్కి ముంబయి రేవునకు, అచటినుండి విదేశములకు పోయినవి. ఆ తోటలు రైతులవిగానే నిలిచినవి. పులివెందుల అరటికి కావలసినది శీతల గిడ్డంగియు, గెలలు కడిగి కట్టు షెడ్డును గదా!

రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేయుడని కోరుచున్నాను: మన తాలూకాలలో నెప్పుడైనను ఇట్టి మండలము తలపెట్టినచో, ముందుగా గ్రామగ్రామమున రహస్యపు ఓటు జరిపి, లెక్క అదే దినమున చావడి గోడపై అంటింపవలెను.