భిక్షమా? భాగమా?

గ్రామమునకు వచ్చు ధనము ఎవరి ధనము? అది ఎవరి నిర్ణయముపై ఖర్చు కావలయును? దాని జమాఖర్చులు ఎవరికి చూపవలయును? ఈ మూడు ప్రశ్నలకును సూటిగా సమాధానము చెప్పగల గ్రామములు కామారెడ్డి జిల్లాలో ఎన్ని గలవో పాఠకులే యోచింతురు గాక. రామారెడ్డి మొదలు ఎల్లారెడ్డి వరకు ఏ యూరి పొలిమేరను దాటినను ఏదో యొక దాత పేరు చెక్కిన ఫలకము కంటబడును. మంచినీటి యంత్రముపై ఒక పేరు, బడి ప్రహరీపై ఒక పేరు, బస్సు షెల్టరుపై మఱియొక పేరు. ఫలకము చెక్కుచెదరదు, యంత్రము మాత్రము ఫిల్టరు మార్చు దిక్కు లేక పలుచోట్ల మూలబడును. దాతలను నిందించుట మా యుద్దేశము కాదు. దాతకును గ్రామమునకును నడుమ నుండవలసిన ధర్మము లోపించినదని చెప్పుటయే మా యుద్దేశము.

ముందుగా ఈ ధనము స్వభావమేమో తెలిసికొందము. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము, 500 కోట్ల రూపాయల నికర ఆస్తి గాని, 1,000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని గల ప్రతి కంపెనీయు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలయును. ఈ నిబంధన 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మొదట కొన్నియేండ్లు, ఖర్చుచేయనివారు కారణము వ్రాసి ఊరకుండ వీలుండెను. 2021 జనవరి నుండి ఆ వీలు పోయినది. ఖర్చుకాని సొమ్మును ప్రత్యేక ఖాతాలోనో, చట్టము పేర్కొన్న ప్రభుత్వ నిధిలోనో జమచేయవలయును. చేయనిచో జరిమానా తప్పదు. ఈ విధముగా 2022-23 సంవత్సరములో దేశమంతట వెచ్చించిన మొత్తము సుమారు 30,000 కోట్ల రూపాయలు.

చెల్లింపకున్న జరిమానా వేయు సొమ్మునకు దానమని పేరు పెట్టుట ఏ నిఘంటువు సమ్మతించును? పన్ను చెల్లించినవాడు ఊరి నడుమ తన పేర శిలాఫలకము వేయించుకొనుట ఎవరైనను చూచిరా? మన నీరు, మన దారులు, మన కూలీల చెమట, మన కొనుగోళ్లు, ఇవన్నియు కలిసి లాభమైనవి. అందులో రెండు వంతులు తిరిగి ప్రజలకు చేరవలెనని ప్రజల శాసనసభ శాసించినది. అది భిక్షము కాదు, భాగము. దానిని ఉదారబుద్ధితో పంచిపెట్టినట్లు నటించుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లే గాని వేఱుకాదు. ప్రజల పన్నులతో వేసిన వీధిదీపమునకు తన పేరు తగిలించుకొను ప్రజాప్రతినిధికిని ఈ సామెతయే వర్తించును.

సరే, భాగమే యనుకొందము. పంచువారెవరు? కంపెనీ డైరెక్టర్ల సభ నియమించిన ఉపసంఘము. ఆ ఉపసంఘమునకు గ్రామసభను సంప్రదింపవలసిన విధి చట్టమునందెచ్చటను లేదు. కంపెనీ తాను వ్యాపారము చేయు ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెనను మాట మాత్రము చట్టములో గలదు. ఆ మాట పరిశ్రమలు గల చోటికి వరము, వ్యవసాయమే ఆధారముగా గల చోటికి శాపము. మహారాష్ట్రము, గుజరాతు, కర్ణాటకము, తమిళనాడు వంటి పారిశ్రామిక రాష్ట్రములకు పెద్ద వాటాలు పోవుచున్నవి. మక్కలు, వరి, చెఱకు పండించి, బీడీలు చుట్టి, బిడ్డలను గల్ఫు దేశములకు పంపి బ్రతుకు మన ప్రాంతమునకు పొట్టు మిగులుచున్నది. మన రైతు కొను ఎరువులో, మన ఆడపడుచు కొను సబ్బులో కంపెనీకి లాభమున్నది. కాని ఆ లాభము పుట్టినచోటు మన ఊరని ఏ పద్దులోను వ్రాయబడదు.

ఇక తలుపు తట్టి అడుగుదమన్నచో తలుపులెన్ని! కంపెనీ సొమ్ము పొందగోరు సంఘము రిజిస్టరైన సొసైటీయో ట్రస్టో కావలయును. ఆదాయపుపన్ను శాఖనుండి 12ఏ, 80జీ పత్రములుండవలయును. సీఎస్సార్-1 అను నమూనాలో నమోదు కావలయును. అట్టి పనిలో మూడేండ్ల అనుభవము చూపవలయును. న్యాయవాద వృత్తిలో నున్న మేము ఈ పత్రములతో పెనుగులాడు గ్రామ యువకులను చూచుచున్నాము. పఠనమందిరము పెట్టిన పదిమంది కుర్రవాండ్రు ఆడిటరుకు ఫీజు ఇచ్చుకొనలేక సంఘమునే మూసివేసికొందురు. పట్టణమున ఆఫీసు, ఇంగ్లీషున నివేదిక వ్రాయు గుమాస్తా గల సంస్థకు మాత్రము ఈ తలుపులన్నియు చులకనగా తెఱచుకొనును. గ్రామము పేరున గ్రాంటు మంజూరగును. గ్రామమునకు తెలియునది ప్రారంభోత్సవమునాడే!

ఒకప్పుడు విదేశీ విరాళములు పొందిన పెద్ద సంస్థలు తమకందిన దానిలో కొంత పల్లెలలోని చిన్న సంఘములకు పంచెడివి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళముల చట్టమునకు జరిగిన సవరణతో ఆ పంపకము పూర్తిగా నిషిద్ధమైనది. పరదేశపు సొమ్ము దేశమున దుర్వినియోగము కాకుండ కాపలా పెట్టుట తప్పని మేమనము. కాని దొంగను పట్టుటకు బావినే పూడ్చినచో దప్పిక గొన్నవాని గతి యేమి? పెద్ద సంస్థలు మిగిలినవి, ఎండినవి పిల్లకాలువలే.

ఇంతవరకు వినిన పెద్దలు కొందఱు, “పుణ్యానికి పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడుట మర్యాదయా? వచ్చినది పుచ్చుకొనక విచారణ లేల?” అని మందలింతురు. పుణ్యమునకు ఇచ్చినదైన పోట్లాడము. ఇచ్చట పుణ్యము లేదని పైన నిరూపించితిమి. నిజముగా పుణ్యబుద్ధితో నిచ్చువారును లేకపోలేదు. దోమకొండ కోటను కామినేని వంశీయులు తమ ట్రస్టు ద్వారా పునరుద్ధరింపగా 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారములలో దానికి గుర్తింపు లభించినది. తమ ఊరిని తమదనుకొని, ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండినందున ఆ పని నిలిచినది. అట్టి దాత జమాఖర్చులకు జంకడు. లెక్క అడిగినంతనే ముఖము మాడ్చుకొనువాడు దాత కాడు, బేరగాడు.

పరులను విమర్శించు నోటితోనే మన యింటి దోషమును చెప్పుకొనకున్న అది న్యాయము కాదు. కంపెనీలు గ్రామసభను అడుగవని వాపోవుచున్నాము. మన గ్రామములలో గ్రామసభను అడుగువారెవరు? ఉత్తర తెలంగాణమున నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతములలో గ్రామాభివృద్ధి కమిటీలను పేర చట్టమునందు చోటు లేని సంఘములు వెలసినవి. వీనిలో కొన్ని బడులు బాగుచేసినవి, గుళ్లు కట్టినవి, రోడ్లు వేసినవి, కాదనము. కాని పలుచోట్ల నిధి కూడుటకు బెల్టుషాపు వేలము, కోడిమాంసపు దుకాణము వేలము, తుదకు ఉప్పు పప్పులమ్ము హక్కు సైతము వేలము! మాట వినని కుటుంబముపై జరిమానా, జరిమానా కట్టనివానికి సాంఘిక బహిష్కారము! వానితో మాటాడినవానికి మఱియొక జరిమానా! ఆ బహిష్కారము ఎక్కువగా ఎవరి నెత్తిన పడునో, ఆ కమిటీలలో ఆడవారెందఱు, దళితులెందఱు కూర్చుందురో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. త్రాగుడు వేలమువేసి తెచ్చిన రూపాయితో బడికి సున్నము వేసినచో ఆ గోడ తెల్లబడునేమో గాని ఊరు తెల్లబడదు. ఊరిమీద ఊరు పడ్డను కరణముమీద కాసు పడదను సామెత నేడు కొన్ని కమిటీల పద్దులకు చక్కగా సరిపోవుచున్నది.

ఇట్టి కమిటీలు బలియుటకు కారణము పంచాయతీ బక్కచిక్కుట. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చి, 11వ షెడ్యూలున 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవని చూపినది. ముప్పదియేండ్లు దాటినను ఆ 29లో ఎన్నింటికి తాళముచెవులు సర్పంచి చేతికి వచ్చినవి? 15వ ఆర్థికసంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానికసంస్థలకు 2.36 లక్షల కోట్ల రూపాయలు సిఫార్సు చేసినది. అందు నూటికి అఱువది వంతులు నీరు, పారిశుద్ధ్యములకే కట్టివేసి, నలువది వంతులు మాత్రము గ్రామము యిష్టమునకు విడిచినది. అదియు ఎన్నికైన పాలకవర్గమున్నచోటికే గదా! మన రాష్ట్రమున 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరున ఎన్నికలు జరుగువరకు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో మ్రగ్గినవి. దాదాపు రెండేండ్లు ఊరికి నోరు లేకపోయినది. నోరు లేనివాని పళ్లెములో ఎవరేది వడ్డించినను ప్రసాదమే యగును.

పూర్వులు ఇంతకన్న తెలివిగలవారు. చెఱువు త్రవ్వించినవానికో, మరమ్మతు చేయించినవానికో దశబంధమను ఇనాము ఇచ్చెడివారు. ఆ భూమి అనుభవించువాడు చెఱువును కనిపెట్టవలయును. కట్ట తెగినచో పూడ్చవలయును. అనగా దానముతోపాటే పోషణభారమును వెన్నంటి యుండెడిది. 2015 మార్చి 12వ తేదీన మన సదాశివనగరు పాతచెఱువు వద్దనే మిషన్ కాకతీయకు ప్రారంభము జరిగినది, పూడికలు తీయబడినవి. కాని తీసిన పూడిక మరల నిండకుండ, తూము చెడకుండ ఏటేట చూచుకొనుటకు దశబంధము వంటి శాశ్వతపు ఏర్పాటు ఊళ్లకు దక్కలేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో జిల్లాపై కుంభవృష్టి కురిసి, అర్గొండ వద్ద ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు మించిన వాన పడి, చెఱువులు తెగి, దారులు కొట్టుకొనిపోయి, రైలుమార్గము సైతము దెబ్బతిన్ననాడు బియ్యపు సంచులతో, బ్యానర్లతో వచ్చిన దాతలు కొందఱు గలరు. వారికి నమస్కారము. కాని తెగిన కట్టకు మట్టిపోయుటకు ఊరి పేర పదివేల రూపాయల సొంత నిధి యున్న గ్రామములెన్ని?

సొంత నిధి యనగానే బీదలము, మావల్ల నగునా యని పెదవి విఱుచువారు మన చరిత్రను స్మరింపవలయును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి, రావిచెట్టు రంగారావుగారికి ఏ ప్రభుత్వపు గ్రాంటు అండగా నుండెను? 1921లో ఆంధ్రజనసంఘము పుట్టిన పిదప, సభ జరుపుటకు సైతము అనుమతి కావలసిన నిజాము పాలనలో, మాడపాటి హనుమంతరావుగారును వారి సహచరులును ఊరూర పఠనమందిరములు నెలకొల్పిరి. అణా చందాలతో, పదిమంది పూనికతో అవి నడచినవి. 1937లో మన నిజామాబాదుననే ఆంధ్రమహాసభ జరిగినది. చందా ఇచ్చినవాడు లెక్క అడుగును. లెక్క అడుగువాడు ఓటునకు వెలకట్టడు. ఆ పఠనమందిరములు పుస్తకములకన్న ముందు ఈ పాఠమును నేర్పినవి. నేడు ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనము కట్టుచునే యున్నాము. ఆ పైసలు మన ఊరి పఠనమందిరమునకు ఏ రూపమున చేరుచున్నవో ఎవరైన అడిగిరా?

కావున ప్రతి గ్రామసభయు ఈ తీర్మానములు చేయవలెనని మా ప్రార్థన. కంపెనీ సొమ్మైనను, ప్రవాసుల విరాళమైనను, ప్రజాప్రతినిధి నిధియైనను, గ్రామసభలో చర్చించి ఆమోదింపని పని ఊరి భూమిపై మొదలు పెట్టరాదు. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి పంచాయతీ గోడమీద తెలుగులో వ్రాయవలయును. దాత పేరు వ్రాయగోరినచో ఆ పనికి పోషణ ఖర్చు ఎన్నియేండ్లవరకు ఇచ్చినాడో దాని క్రిందనే వ్రాయవలయును. గ్రామాభివృద్ధి కమిటీల పద్దులు, పైకము పంచాయతీకి అప్పగించి, వేలములు, జరిమానాలు, బహిష్కారములు నేటితో కట్టిపెట్టవలయును. 2005 నాటి ఉపాధి హామీ చట్టము సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టినది. ఉమ్మడి రాష్ట్రము 2009లో అందుకై ప్రత్యేక సంఘమునే యేర్పరచి దేశమునకు దారిచూపినది. కూలీల మస్టర్లను వీధిలో చదివించిన మనము దాతల పద్దులను చదివింపలేమా? కంపెనీల చట్టములోను గ్రామసభ సమ్మతియను ఒక్క వాక్యము చేర్చునట్లు మన పార్లమెంటు సభ్యులు పట్టుపట్టవలయును. పట్టుపట్టనివారిని ఓటు అడుగ వచ్చిననాడు మనము పట్టుపట్టవలయును.

రామారెడ్డి, ఇసన్నపల్లి వాసులకు కాలభైరవస్వామి క్షేత్రపాలకుడు. దూరదేశములనుండి జనులు ఆయన కొలువునకు వచ్చుచున్నారు. పొలిమేర కాచుట దేవుని పని యని మనము నిశ్చింతగా నున్నాము. పద్దు కాచుట మాత్రము మన పనియే. 2025 డిసెంబరున మన ఓట్లతో పంచాయతీలకు మరల ప్రాణము వచ్చినది. రెండునెలల కొకమారు గ్రామసభ జరుపవలెనని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. రాబోవు సభకు చేయి చాచి పోవలదు. జమాఖర్చుల పుస్తకము చేతబట్టి పొండు. అడిగినవానికి భాగము, అడుగనివానికి భిక్షము.