గోదావరి నీలముగా నుండునా?

ధవళేశ్వరమున గోదావరి గట్టుపై నివసించు బాలుని చేతికి ఒక కాగితమును, రంగుల పెట్టెను ఇచ్చి నదిని చిత్రింపుమని కోరినచో అతడేమి చిత్రించును? అనేకులు చిత్రించునది ఒక్కటే. త్రికోణముల వంటి రెండు కొండలు, వాని నడుమ ఉదయించుచున్న సూర్యుడు, ఆ కొండల సందునుండి పామువలె వంకరలు తిరుగుచు దిగివచ్చు నీలవర్ణపు ఏరు, ఒడ్డున ఒక గుడిసె, గుడిసె ప్రక్క ఒక కొబ్బరిచెట్టు, ఆకాశమున నాలుగైదు పక్షులు. చిత్రము శుభ్రముగానే యుండును. ఉపాధ్యాయుడు పదింటికి ఏడు మార్కులు వేసినను వేయవచ్చును. కాని ఆ కాగితముపై గోదావరి లేదు.

ధవళేశ్వరము నదికి తూర్పు గట్టున నున్నది. అచ్చట నిలిచి నదివైపు చూచువానికి నీటిపై కనబడునది సూర్యాస్తమయమే గాని సూర్యోదయము కాదు. కొండ కావలెనన్న జనార్దనస్వామి ఆలయమున్న కొండ ఊరిలోనే కలదు. దానిని బాలుడు దినదినమును చూచును గాని చిత్రములోనికి రానీయడు. నది యిచ్చట సన్నని ఏరు కాదు. లంకలచే చీలి, ఆవలి గట్టు ఒక చారవలె మాత్రమే కనబడునంత వెడల్పున పరచుకొని యుండును. ఇక రంగు మాట. ఆషాఢ శ్రావణములలో వరద వచ్చినపుడు ఆ నీరు ఎఱ్ఱమట్టిని కలుపుకొని ఇటుకపొడి రంగున పాఱును. ఇదంతయు బాలుడు ఎఱిగినదే. ఐనను చిత్రించునపుడు తాను చూచినదానిని విడిచి, మునుపెవరో గీసిన చిత్రమును తలచుకొని దానినే మరల గీయుచున్నాడు. చిత్రలేఖన విద్యకు దీనికంటె పెద్ద ఆటంకము లేదు. చేతికి నైపుణ్యము చాలకపోవుట చిన్న లోపము. అది అభ్యాసముచే తీఱును. కన్ను చూచుట మానుట అట్టి లోపము కాదు.

చిత్రకళకు రేఖ, ఆకారము, వర్ణము, వెలుగునీడలు, స్పర్శ, స్థలము అనునవి మూలాంశములనియు, సమతూకము, లయ, అనుపాతము, ప్రాధాన్యము, వైరుధ్యము, ఏకత్వము అనునవి సూత్రములనియు పాఠములలో చెప్పుదురు. ఈ దేశమున పూర్వులును ఇట్టి విభాగము చేసిరి. వాత్స్యాయనుని గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని ఆఱు అంగములను పేర్కొనెను. పేరులు తెలియుట మంచిదే. పేరు తెలిసినచోట కన్ను ఒక్క క్షణమైన నిలుచును. కాని విద్యార్థులు ఈ పట్టికలను నదుల పేరులవలె, రాజుల పేరులవలె వల్లించి, పరీక్షలో వ్రాసి, మరునాడు మఱచుచున్నారు. అట్టి చదువు వలన ఒక్క గీతయైనను మెఱుగుపడదు. ఈ పేరులకు అర్థము పుస్తకములో లేదు. ధవళేశ్వరపు గట్టు మీదనే కలదు.

ఆర్థరు కాటను నిర్మింపజేసిన ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తి యయ్యెను. దాని స్థానమున నిర్మింపబడిన నేటి బరాజు 1982లో పూర్తియైనది. దీనికి 175 తలుపులు గలవు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఇది లంకలను ఆధారము చేసికొని ఒక గట్టునుండి వేఱొక గట్టునకు సాగును. దీని చెంత నిలిచి చూచినచో స్తంభము, తలుపు, మరల స్తంభము, మరల తలుపు అని ఒకే ఆకారము మరల మరల వచ్చును. పాటలో తాళమెట్టిదో కంటికి ఇది అట్టిది. లయ యనగా ఇదియే. దగ్గఱనున్న తలుపు వెడల్పుగా, దాని తరువాతిది కొంచెము సన్నముగా, దూరము పోయిన కొలది మఱింత సన్నముగా కనబడి, తుదకు అన్నియు కలిసి ఒక్క గీత యగును. తలుపులు నిజముగా చిన్నవి కాలేదు. చూచువాని దూరమే పెరిగినది. పెన్సిలును చేయిచాచి పట్టుకొని, ఒక కంటిని మూసి, దగ్గఱి తలుపును దూరపు తలుపును కొలిచి చూచిన విద్యార్థికి అనుపాతమును గూర్చి వేఱుగ బోధింప నక్కఱలేదు.

సమతూకము విషయమున మాత్రము ఒక పొరపాటు తఱచుగ జరుగుచున్నది. కుడివైపున ఒక చెట్టు గీసినచో ఎడమవైపునను అట్టి చెట్టునే గీయవలెనని అనేకులు భావింతురు. కావడి మోయువానిని చూచిన ఈ భ్రమ తొలగును. రెండు కుండలును సమానమైన బరువు కలవైనచో అతడు బద్దను నడుమ భుజమున నుంచుకొనును. ఒక కుండ బరువైనదైనచో భుజమును ఆ కుండవైపు జరుపుకొనును. అప్పుడును కావడి నిలుచును. చిత్రమున గట్టు, చెట్లు, ఇండ్లు అన్నియు ఒకవైపున నున్నను, దూరముగా రెండవవైపున విశాలమైన నీటిపై ఒక్క చిన్న పడవ యున్నచో ఆ చిత్రము ఒఱగదు. ఆ పడవచుట్టును ఉన్న నీరు ఖాళీస్థలము కాదు. దానికిని బరువు కలదు. బాలురకు కాగితమున ఎచ్చట చోటు మిగిలినను అచ్చట ఒక పక్షినో, మేఘమునో గీయవలెనని తోచును. గోదావరిని చిత్రింపగోరువాడు మొట్టమొదట నేర్వవలసినది చోటును విడిచిపెట్టుట.

ఒకేరీతి భాగములు గల సమతూకము హీనమని దీని భావము కాదు. దానికి గురువులు ప్రతి వాకిటను గలరు. ధనుర్మాసమున కోనసీమ యూళ్ళలో స్త్రీలు పెట్టు చుక్కలముగ్గును పరిశీలింపవలెను. పదునైదు చుక్కలు, ఎనిమిది వఱకు సందుచుక్క అని ఒకరితో నొకరు చెప్పుకొందురు. నడిమి వరుసలో 15 చుక్కలు. దానికి పైనను క్రిందను 14, 13 అని తగ్గుచు 8 వఱకు వరుసలు. మొత్తము 169 చుక్కలు. ఆఱు భుజముల ఆకారము తనంతట తానే యేర్పడును. ఈ చుక్కలకు కొలబద్ద లేదు. వ్రేళ్ళ సందున జాఱు పిండియే సాధనము. మెలికల ముగ్గులో గీత చుక్కలను చుట్టుచు పోయి, బయలుదేఱిన చోటికే వచ్చి చేరును. ఒక్క మెలిక తప్పినను ముగ్గు కలియదు. రేఖాభ్యాసమునకు ఇంతకంటె కఠినమైన పాఠము ఏ కళాశాలలోను ఉండదు. ఐనను ఇంటిలో చెల్లెలు ముగ్గు పెట్టుచుండగా దానిని దాటి లోపలికి పోయి, వరండాలో కూర్చుండి, పుస్తకములోని పూలకుండీని చూచి కాపీ చేయు అన్నలు కొందఱు కలరు!

ధవళేశ్వరమునకు దాపుననే యున్న రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు ఈ మార్గమును చక్కగ ఎఱిగినవాడు. ఆ నగరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగ నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడును రచయితయు. రామారావులోని శక్తిని గుర్తించి అతనిని ప్రోత్సహించినవాడు ఆయనయే. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యుడే. రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిని నేర్చెను. నేర్చిన పిమ్మట ఆ పద్ధతికి దాసుడు కాలేదు. తిరిగివచ్చి తన జనమును, తన నేలను చూచెను. "సిద్ధార్థ రాగోదయము" మున్నగు ఆయన చిత్రములను చూచువారిని మొదట ఆకర్షించునది మెత్తగా సాగు రేఖ. 1925లో మశూచి సోకి ఇరువదియేడేండ్ల వయస్సుననే ఆయన మరణించెను. ఆ కొద్దికాలములోనే తన ఊర చిత్రకళను నేర్పు పాఠశాలను గూడ స్థాపించెను. ఆయన పేర రాజమహేంద్రవరమున చిత్రశాల కలదు. గోదావరి తీరపు విద్యార్థి ఎవరి చిత్రమునైన చూచి నేర్వదలచినచో ముందుగ అచ్చటికి పోవుట తగును. కాని రామారావు రేఖను కాపీ చేయుటకు కాదు, ఆయన ఏమి చూచెనో ఎట్లు చూచెనో తెలిసికొనుటకు.

చిత్రకళ పుట్టుకతో వచ్చునదే గాని నేర్పిన రాదని కొందఱందురు. పరీక్షలు సమీపించినంతనే చిత్రలేఖనపు గంటను గణితమునకు అప్పగించుట ఈ అభిప్రాయము యొక్క ఫలితమే. అందఱును దామెర్ల రామారావులు కాజాలరు, నిజమే. గణితము నేర్చిన వారందఱును రామానుజములు కాలేదు, ఐనను ఆ గంటను ఎవరును తీసివేయలేదు. వడ్రంగికి, నేతగానికి, ఇల్లు కట్టువానికి, పటము గీయు ఇంజనీరునకు చూచు కన్ను అవసరమే. గంట పోయిన బాలుడు మరల ఆ రెండు త్రికోణపు కొండల కడకే చేరును. ఉపాధ్యాయుడు తరగతిని వారమునకొకసారి గట్టునకు తోడ్కొనిపోయి, గీయకమునుపు పదినిమిషములు ఊరక చూడుమని చెప్పినను చాలును.

అట్లు చూచినవానికి రంగును గూర్చిన సంగతులు ఒకటొకటిగ బయలుపడును. పుష్యమాసమున వరదలు తీఱి నీరు తేటపడినపుడు ఆకాశపు నీలము దానిలో ప్రతిఫలించును. అప్పుడు నదికి నీలము వేయుట తప్పు కాదు. వరదకాలమున పెట్టెలోని ఎఱుపును ఉన్నదున్నట్లు వేసిన అది కుంకుమవలె నుండును గాని నీరువలె నుండదు. ఎఱుపునకు పసుపు చేర్చి, ఆ రెంటి తీక్ష్ణతను తగ్గించుటకు ఒక్క చుక్క నీలమును కలుపవలెను. ఇంక ఆవలి గట్టు. విజ్జేశ్వరమువైపు చెట్లు పచ్చనివని అందఱు నెఱుగుదురు. కాని నడుమనున్న అంత గాలిలో చెదరు వెలుతురు వలన దూరమున అవి పచ్చగా కనబడవు. పలుచని నీలముగా కనబడును. బాలుడు ఇన్నాళ్ళును నీటికి వేసిన నీలము ఆషాఢమున ఉండవలసిన చోటు అదియే.