ప్రశ్నించినవాడు ద్రోహి కాడు

2025 జనవరి 8న బెంగళూరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సమక్షంలో ఆరుగురు మావోయిస్టులు లొంగిపోయారు. వారిలో ఒకరు మన అత్తిబెలె పొలిమేర దాటితే వచ్చే తమిళనాడుకు చెందినవారు. అదే ఏడాది అక్టోబరులో పెద్దపల్లికి చెందిన అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు, సాయుధ పోరాటాన్ని విరమించాలని లేఖ రాసి, 60 మంది సహచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. పార్టీ ఆయనను ద్రోహి అన్నది.

ఇది కొత్త కాదు. 1980లో పీపుల్స్‌వార్‌ను స్థాపించిన కొండపల్లి సీతారామయ్యను ఆ పార్టీయే 1991లో బహిష్కరించింది. ప్రశ్నే ద్రోహమైన చోట తప్పు దిద్దుకొనే దారి మూసుకుపోతుంది; దాని మూల్యాన్ని అడవి పల్లెలు ప్రాణాలతో చెల్లిస్తాయి.

భూమి, కూలి, అటవీ హక్కుల సమస్యలు మిథ్య కావు. అయితే వాటి కోసం ఎత్తిన తుపాకీ, ఇన్‌ఫార్మర్లనే నెపంతో పల్లెవాసులనే చంపిన నాడు ఆశయం ఓడిపోయింది. కనుక తిరిగివచ్చినవారు పశ్చాత్తాపంతో సరిపెట్టక, హతుల కుటుంబాలకు నిజం చెప్పాలి. ప్రభుత్వమూ వారికి ఇచ్చిన మాట నిలుపుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక ఉపాధ్యాయుని విన్నపం: "ఎందుకు?" అని అడిగే అలవాటును పిల్లలకు ఇంట్లోనే నేర్పండి. ఏ రంగు జెండా అయినా సరే, అడగనివ్వని పార్టీ గడప తొక్కవద్దని చెప్పండి.